నాలుగో సెమిస్టర్ చేపల పులుసు

ఆ వేసవిలో మా ఇంట్లో ముగ్గురం కలిసి డిగ్రీ నాలుగో సెమిస్టర్ జువాలజీ సిలబస్ మొత్తం తినేశాం. యూనిట్ల వారీగా తిన్నాం. మొదటి యూనిట్ పులుసు పెట్టుకున్నాం, రెండోది వేపుడు చేసుకున్నాం. మూడో యూనిట్‌లో ముళ్ళు ఎక్కువ.

దీనికంతటికీ కారణం మా ఆవిడ స్నేహలత. తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆవిడ గెస్ట్ లెక్చరర్. మా ఇంటికొచ్చిన గెస్టు ఎవరూ మూడు రోజులకి మించి ఉన్నది లేదు. మా ఆవిడ మాత్రం ఆ కాలేజీలో పద్నాలుగేళ్ళుగా గెస్టుగానే ఉంది. ప్రతి జూన్‌లోనూ ఆవిణ్ణి కొత్తగా తీసుకుంటారు. అందుకని ప్రతి మే నెలలోనూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మరు.

పొద్దున్నే ఏలూరులో పాసింజర్ ఎక్కడం, గూడెంలో దిగడం, పాఠాలు చెప్పడం, సాయంత్రం రెండు కిలోల ఉల్లిపాయలతో తిరిగి రావడం. గూడెంలో ఉల్లిపాయలు చవకని ఆవిడ నమ్మకం. పద్నాలుగేళ్ళలో ఉద్యోగం పర్మనెంట్ కాలేదు గానీ ఇంట్లో ఉల్లిపాయలకి ఏనాడూ లోటు రాలేదు.

ఏప్రిల్ ఆఖర్లో ప్రిన్సిపాల్ రాజరత్నంగారు ఆవిణ్ణి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. కిందటేడు జువాలజీ గ్రూపులో చేరింది తొమ్మిది మంది. వాళ్ళలో ఒకడు పొరపాటున చేరాడు. ఇంత తక్కువ మంది ఉన్న గ్రూపుల్ని ఎత్తేస్తున్నారు. ఎత్తెయ్యకుండా ఉండాలంటే చేపల పేపరుకి ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసి యూనివర్సిటీ కమిటీకి పంపాలి. పన్నెండు చేపలు, పన్నెండు వీడియోలు, గడువు జూన్ పది. కమిటీ ఒప్పుకుంటే గ్రూపు ఉంటుంది, పాఠాలు చెప్పినావిడా ఉంటుంది. ఒప్పుకోకపోతే రెండూ ఉండవు.

"లోపలి భాగాలన్నీ కనపడాలమ్మా. పుస్తకంలో బొమ్మలు పెడితే ఒప్పుకోరంట. నిజం చేపలే కావాలంట" అన్నారట రాజరత్నంగారు.

"ల్యాబులో జంతువుల్ని కోయడం ఆపేశారు కదండీ సార్?"

"అవునమ్మా. కోయకూడదు."

"కోయకుండా లోపలివి ఎలా కనపడతాయండీ?"

ఆయన కాసేపు ఫ్యాను వంక చూసి, "అది మీ సబ్జెక్టు కదమ్మా" అన్నారట. ఆయనది కామర్స్.

ఇక్కడ మా ఇంటి రహస్యం ఒకటి చెప్పాలి. పద్నాలుగేళ్ళుగా చేపల గురించి చెబుతున్న మా ఆవిడ జీవితంలో ఒక్క చేపనీ కోయలేదు. చదువుకునే రోజుల్లో బొద్దింకని కోసింది, కప్పని కోసింది. చేపని కోసే వారం ఆవిడకి ఆటలమ్మ పోసింది. పెళ్ళయి మా ఇంటికొచ్చాక మా అమ్మ కోయనివ్వలేదు.

మా అమ్మ సూరమ్మ పుట్టింది మండవల్లి దగ్గర, కొల్లేటి గట్టున. చేపల కోసం ఆవిడకి వేరే కత్తిపీట ఉంది. కాపరానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకుంది. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. మా నాన్న బతికున్నన్నాళ్ళూ దాన్ని దాటి వెళ్ళడానికి కూడా జంకేవాడు. చర్చిలో ఎవరైనా మా ఆవిడ ఉద్యోగం గురించి అడిగితే అమ్మ ఎంతో ప్రేమగా చెప్పేది:

"మా కోడలు చేపల టీచరండీ. చేప చేతికిస్తే దానికి ఇంగ్లీషులో పేరు పెట్టి, జాగ్రత్తగా పక్కన పెట్టుద్ది."

మే నెల మొదటి ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి అమ్మ అప్పటికే చీర మార్చుకుని పెరట్లో పంపు దగ్గర కూర్చుని బొచ్చె కోస్తోంది. స్నేహ ఒక కాలి చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, ల్యాబులో కోయకూడదు గానీ కూరకి కోసుకోవచ్చు కదండీ?"

"కోసుకోకపోతే కూర ఎలా వండుతారు?" అన్నాను.

"ఫోను తీసుకురండి" అంది, ఇంకా ఒంటి చెప్పు మీదే ఉండి.

అలా మొదలైంది. అమ్మ కోయడం, స్నేహ చెప్పడం, నేను వీడియో తీయడం. బట్టలారేసే తీగకి ఫోన్ని కిందకి చూసేట్టు నాలుగు క్లిప్పులతో బిగించాను. కింద కత్తిపీట, పక్కన పళ్ళెం, ఆ పక్కన పులుసులోకి తరిగిన కొత్తిమీర. సరుకంతా ఒక్కచోటే ఉంటే అమ్మకి వీలు. నేను ఫోను బిగించేసరికి ఆవిడ పొలుసు తీసి, మెడ కింద గాటు పెట్టి సిద్ధంగా ఉండేది.

"స్టార్ట్" అన్నాను.

"విద్యార్థులారా, ఈ చేప శాస్త్రీయ నామం కట్లా కట్లా" అంది స్నేహ, పరీక్ష హాల్లో హెచ్చరికలు చదివే గొంతుతో.

"ఒకసారి చెబితే సరిపోదా?" అంది అమ్మ.

"అత్తయ్యా, మీరు మాట్లాడకూడదండీ. వీడియోలో మీ చేతులే ఉంటాయి."

"చేతులు నావీ, నోరు నీదీనా?"

"పాఠం కదండీ. మధ్యలో మాటలొస్తే కమిటీ వాళ్ళు ఒప్పుకోరు."

అమ్మ రెండు నిమిషాలు మాట్లాడలేదు. నాకు తెలిసి అదే ఆవిడ రికార్డు. తర్వాత చేప పొట్ట విప్పి, "ఈ కొవ్వు చూశారా? ఇది మేత మేపిన చెరువు చేప. కొల్లేట్లో తిరిగిందైతే ఇంత కొవ్వుండదు" అని ఫోను వంక చూసి చెప్పింది.

"అది కట్ చేసెయ్యండి" అంది స్నేహ నాతో.

కట్ చేశాను. ఆ నెలంతా మా అమ్మని కట్ చేస్తూనే ఉన్నాను.

ఆ బుధవారం శీలావతి. శనివారం వాలుగ. తర్వాత మట్టగిడస, జెల్ల, గొరక. కోసిన ప్రతి చేపా మధ్యాహ్నానికి కూరయ్యేది. రాత్రికి అదే, మర్నాడు నా క్యారియర్‌లోనూ అదే. సిలబస్‌లో ఎన్ని చేపలుండాలో నిర్ణయించిన పెద్దలకి కుటుంబాలున్నాయో లేవో నాకు తెలియదు. ఏడో చేప దగ్గర నాకు ఆవకాయన్నం కల్లోకి వచ్చింది.

మా ఇంటి ఓనరమ్మ వెంకటలక్ష్మిగారు ముందు వాటాలో ఉంటారు. పెరట్లోకి ఆవిడ వంటింటి కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీ ఆ నెల మూసింది లేదు.

"ఏవండీ ఆనంద్ పాల్ గారూ, ఇవాళ కూడానాండీ?"

"ఇవాళ రెండో యూనిట్ అండీ" అన్నాను.

"కొర్రమీనులా ఉందే!"

"కొర్రమీనేనండీ. శ్వాస వ్యవస్థ."

కిటికీ లోపలికి తిరిగి వాళ్ళాయనతో గట్టిగానే అన్నారు: "విన్నారా, వారంలో ఇది నాలుగోసారి. మీరూ చేస్తున్నారు ఉద్యోగం!"

ఆఫీసులో ఇంకా చిత్రం. నేనొక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ వాళ్ళంతట వాళ్ళు టీకి పిలవలేదు. రెండు వారాలు వరసగా నా క్యారియర్‌లో చేపలు చూశాక పక్క సీటు హేమంత్‌కుమార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"గురువుగారూ, ఏ ఫైలండీ?"

"ఏ ఫైలేంటి?"

"వారానికి నాలుగు రోజులు చేపలంటే ఏదో పెద్ద ఫైలే కదలాలి కదండీ. మాకూ చెబితే తప్పేముందండీ?"

"అది నాలుగో సెమిస్టర్ హేమంతూ."

అతను తల పంకించి, ఆ మాటని చిన్న కాగితం మీద రాసుకున్నాడు. అది ఏదో కోడ్ అనుకున్నాడు. ఆ వారం నన్ను ముగ్గురు టీకి పిలిచారు. ఒకాయన సమోసా కూడా ఇప్పించాడు. నిజాయితీగా ఉన్నన్నాళ్ళూ దొరకని మర్యాద అంతా నాకు చేపల వాసనతో వచ్చింది. కాదనడానికి మనసొప్పలేదు.

మే రెండో సగంలో స్నేహకి పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. పొద్దున్న పోయి సాయంత్రం చేతికి ఎర్ర సిరాతో వచ్చేది. వీడియోల్లో భాగాలకి పేర్లు పెట్టే పని నా మీద పడింది. బాణం గుర్తులు పెట్టడంలో నాకు ఆఫీసులో మంచి పేరుంది. స్నేహ ఒక్కో చేపకి పద్నాలుగు పేర్లు రాసిచ్చింది. పుస్తకం పక్కన పెట్టుకుని పదమూడింటికి బాణాలు పెట్టాను. పద్నాలుగోది పిత్తాశయం. పక్కనే గుర్తులు కూడా రాసింది: చిన్నది, ఆకుపచ్చ, కాలేయం దగ్గర ఉంటుంది.

రెండు చేపల్లో దొరికింది. మిగతా పదింటిలో ఎంత వెతికినా దొరకలేదు. చేపకీ చేపకీ తేడా ఉంటుంది కాబోలు, మనుషుల్లో మాత్రం లేదా అనుకుని, ఆ పదింటికీ ఆ బాణం ఎత్తేశాను.

పంపేముందు స్నేహ అన్నీ చూసింది. పద్నాలుగేళ్ళుగా పేపర్లు దిద్దిన మనిషి చూసేట్టే చూసింది. రెండు చోట్ల స్పెల్లింగులు దిద్దింది. గడువుకి రెండు రోజుల ముందే పంపేశాం. ఆ పూట అమ్మ పప్పుచారు పెట్టింది. ముగ్గురం పెళ్ళి భోజనంలా తిన్నాం.

జూన్ పన్నెండు సాయంత్రం ఫోనొచ్చింది. కమిటీలో రిటైర్డ్ ప్రొఫెసర్ అచ్యుతరావుగారట. స్నేహ కంగారులో స్పీకర్ నొక్కేసింది.

"అమ్మా స్నేహలతగారూ, పాఠాలు చూశానండీ. గొంతు బాగుందండీ. స్పెల్లింగులు కూడా చాలా బాగున్నాయండీ."

"థాంక్యూ సార్."

"చిన్న సందేహమండీ. మీ పన్నెండు చేపల్లో పదింటికి పిత్తాశయం లేదండీ."

స్నేహ నా వంక చూసింది. నేను ఫోను వంక చూశాను.

"మిగతా రెండింటికీ ఉంది కదండీ సార్?"

"మిగతా రెండింటికీ కొత్తిమీర ఉందండీ."

మా వంటింట్లో కుక్కరు కూడా ఆగి విన్నట్టయింది.

"నేను శాకాహారినమ్మా. పిత్తాశయం విషయంలో పొరబడ్డా పడతాను గానీ, కొత్తిమీర విషయంలో మాత్రం పొరబడను" అన్నారాయన, ఏమాత్రం కోపం లేకుండా. "ఇరవయ్యో తేదీన కమిటీ కూర్చుంటుందండీ. ఈలోగా మార్చి పంపండి, నేను ఫోనే చెయ్యలేదనుకుందాం. లేకపోతే మటుకు రాయాల్సొస్తుందమ్మా. గ్రూపు సంగతి కూడా ఆ రోజే తేలుస్తారు."

ఫోను పెట్టేశాక స్నేహ చాలా నెమ్మదిగా అడిగింది. మా ఆవిడ నెమ్మదిగా మాట్లాడితే నాకు భయం.

"మీరు కొత్తిమీరకి బాణం పెట్టారా?"

"ఆకుపచ్చ అని రాశావు."

"చిన్నది అని కూడా రాశాను."

"చిన్నదే."

స్నేహ అమ్మ వైపు తిరిగింది. "అత్తయ్యా, ఈ చేపలన్నిటికీ చేదు సంచి ఉండాలి కదండీ. ఏమైందండీ?"

"ఏమవుద్ది? తీసేశాను" అంది అమ్మ, ఇదేం ప్రశ్నన్నట్టు. "నలభై ఐదేళ్ళ నుంచీ తీస్తున్నాను. మెడ కింద గాటెట్టగానే ముందు చిటికెన వేలు పెట్టి దాన్ని లాగి కాకులకి పారేస్తాను. మావాడు తీగకి ఫోను కట్టుకునేలోపే అయిపోద్ది. అది పగిలితే కూర నోట్లో పెట్టుకోగలవా?"

అప్పటికి అర్థమైంది. యూనివర్సిటీకి చేప లోపలి భాగాలు కావాలి. మా అమ్మకి కూర కావాలి. మేం కూర పక్షాన ఉన్నామని ఇంత ఆలస్యంగా తెలిసింది.

"ఈసారి దాన్ని ఉంచి కోయండి అత్తయ్యా."

"చేదు ఉంచి చేప కోసేదాన్నా నేను? ఎవరైనా చూస్తే ఏవనుకుంటారు?"

"చూడాలనే కదండీ వీడియో తీస్తున్నది."

అమ్మ లేచి కుక్కరు దించింది. తర్వాత, "నీ ఉద్యోగానికి అదే కావాలంటే అలాగే కోస్తాలే" అంది.

మర్నాడు మూడు జెల్లలు తెచ్చాను. మొదటిదానికి గాటు పెట్టగానే చిటికెన వేలు లోపలికెళ్ళింది, చేదు బయటికొచ్చింది, కాకి పట్టుకుపోయింది. అంతా ఒక్క క్షణంలో. "అయ్యో" అంది అమ్మ. రెండోదానికి వేలు ముడుచుకుని కూర్చుంది. అయినా ఎడమ చేతి వేలు వెళ్ళి తీసేసింది. మూడోదానికి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని మొదలుపెట్టింది. ఆమెన్ అనేలోపు కాకి ఎగిరింది.

"నా మాట వినట్లేదమ్మాయ్ ఇది" అంది, మాట వినని మనవణ్ణి చూపించినట్టు చిటికెన వేలు చూపిస్తూ.

కిటికీలోంచి వెంకటలక్ష్మిగారు అడిగారు: "ఏమైందండీ, చేపలు బాలేవాండీ?"

"చేపలు బానే ఉన్నాయండీ. చాలా శుభ్రంగా ఉన్నాయి. అదే ఇబ్బంది" అన్నాను.

ఆ సాయంత్రం స్నేహ చేతులు కడుక్కొచ్చి నా పక్కన కూర్చుంది. "నేనే కోస్తాను" అంది. అమ్మ వినపడనట్టు ఉల్లిపాయలు ఒలుస్తూనే ఉంది. కాసేపయ్యాక, ఉల్లిపాయతోనే అన్నట్టు, "పదిహేనో తారీకు తమ్ముడి చెరువులో పట్టుబడి ఉంది" అంది.

తమ్ముడంటే మా పేతురు మావయ్య. మండవల్లి అవతల ఆయనకి చేపల చెరువుంది. పన్నెండు రకాలూ ఒక్క రోజులో దొరకాలంటే, చెరువంతా వలేసి చేపలు పట్టే ఆ పట్టుబడి నాడే కుదురుతుంది. చెరువులో లేనివి కొల్లేట్లో వలేసే వాళ్ళకి చెప్పి తెప్పిస్తానన్నాడు. నేను సెలవు పెట్టాను. "నాలుగో సెమిస్టర్ పనేనాండీ?" అని హేమంత్‌కుమార్ గొంతు తగ్గించి అడిగి, నా సీటు తను చూసుకుంటానని మాటిచ్చాడు.

తెల్లారేసరికి చెరువు గట్టు మీదున్నాం. అమ్మ పాత తువ్వాల్లో చుట్టిన మూటని బస్సులో ఒళ్ళో పెట్టుకునే వచ్చింది. అవతల పది మంది నడుము లోతు నీళ్ళల్లో వల లాగుతున్నారు. వలలోంచి చేపలు ఎగిరిపడుతున్నాయి, పైన కొంగలు తిరుగుతున్నాయి, గట్టు మీద ఐసు నింపిన లారీ సిద్ధంగా ఉంది. మావయ్య చుట్ట నోట్లో పెట్టుకుని అందర్నీ సమానంగా తిడుతున్నాడు.

కాపలా పాక ముందు అమ్మ మూట విప్పింది. కత్తిపీట వాల్చింది. వాల్చి, తను కూర్చోకుండా పక్కకి జరిగింది.

"కూర్చో."

స్నేహ అమ్మ వంక చూసింది, కత్తిపీట వంక చూసింది, కూర్చుంది.

"భయపడకు. అది నిన్నేం చెయ్యదు."

"చచ్చిపోయిన చేపంటే నాకు భయం లేదండీ అత్తయ్యా."

"నేను కత్తిపీట గురించి చెబుతున్నాను."

పాకకీ చెట్టుకీ మధ్య తీగ కట్టి ఫోను బిగించాను. స్నేహ బొచ్చె పట్టుకుంది. జారింది. మళ్ళీ పట్టుకుంది. అమ్మ వెనక నిలబడి మొదలుపెట్టింది: "మొప్పల కింద బొటనవేలు పెట్టు. అలా కాదు, కొత్త పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోకు, గట్టిగా పట్టు. గాటు పైపైనే పెట్టు. లోపలికి దిగకు. దిగావో, పగులుద్ది."

గాటు పడింది. పొట్ట విచ్చుకుంది. కాలేయం మడతలో ముదురాకుపచ్చ రంగులో, చింతగింజంత సంచి నిగనిగలాడుతూ కనిపించింది. పద్నాలుగేళ్ళుగా బోర్డు మీద గీస్తున్నదాన్ని స్నేహ మొదటిసారి చూసింది. నోట్సు చూడ్డం మర్చిపోయింది. "ఇదిగో, ఇక్కడుంది, చూడండి, చూడండి" అంది. ఆ గొంతు పరీక్ష హాలు గొంతు కాదు.

ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది. మధ్యలో ఒకసారి, ముంజేత్తో చెమట తుడుచుకుంటూ, "ఇంత చేశాక కూడా వాళ్ళు వద్దంటేనో అత్తయ్యా?" అని అడిగింది.

"వద్దంటే, రేపట్నుంచి ఉల్లిపాయలు ఏలూర్లోనే కొనుక్కుందాం. ముందా వాలుగ అందుకో" అంది అమ్మ.

పదకొండు చేపలు చక్కగా వచ్చాయి. పన్నెండోది రెండు కిలోల కొర్రమీను. చేతులు అప్పటికే అలిసిపోయాయి. చేప జారింది, కత్తి దిగింది, చేదు చిట్లి లోపలంతా పచ్చగా పరుచుకుంది. స్నేహ అలాగే ఉండిపోయింది. వీడియోకి ఇబ్బంది లేదు, మావయ్య ఇంకో కొర్రమీను తెప్పించాడు, అది సరిగ్గా వచ్చింది. కానీ మొదటిదాన్ని పారెయ్యడానికి మావయ్య భార్య, మా అత్తయ్యకి మనసొప్పలేదు. రెండు కిలోల కొర్రమీను కదా. ఉప్పేసి నాలుగుసార్లు కడిగి పులుసు పెట్టేసింది.

మధ్యాహ్నం పాకలో వరసగా కూర్చున్నాం. నేనొక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఏం చెప్పమంటారు? చిన్నప్పుడు జ్వరమొస్తే ఇచ్చే మందుని చింతపండుతో ఉడికించినట్టుంది. మావయ్య గ్లాసెత్తి నీళ్ళన్నీ తాగేశాడు. అత్తయ్య వంటింటి పనున్నట్టు లేచింది. అక్కడ వంటింటి పనేమీ లేదు. స్నేహ కంచంలోకి చూస్తూ కూర్చుంది.

అందరం అమ్మ వంక చూశాం. చర్చిలో చెప్పుకోవడానికి, కోడలు ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ పదహారేళ్ళుగా ఎదురుచూస్తున్న అవకాశం ఆవిడ కంచంలో ఉంది.

అమ్మ ముద్ద కలుపుకుంది. తింది. ముక్క విరిచి, ముల్లు తీసి, అది కూడా తింది.

"ఇంకో ముక్క వెయ్యి" అంది.

అత్తయ్య వేసింది. అదీ తింది.

"అక్కా, చేదు..." అన్నాడు మావయ్య.

"నీ నోరు చేదు. పొద్దున్నుంచీ చుట్టలు కాలుస్తున్నావు" అంది అమ్మ. "ముక్క ఎంత గట్టిగా ఉందో చూడు. కొర్రమీనంటే అలా ఉండాలి. కాస్త మజ్జిగ పొయ్యి."

తిరిగొచ్చేటప్పుడు బస్సు కొల్లేరు దాటుతుండగా స్నేహ అంది: "చేదుగా ఉందని నాకు తెలుసండీ అత్తయ్యా."

అమ్మ కిటికీలోంచి నీళ్ళ వంక చూస్తోంది.

"ఒక్క రోజులో తెలిసింది, మంచిదే. నాకు చెయ్యి కుదరడానికి ఆర్నెల్లు పట్టింది. మీ మావగారు ఆ ఆర్నెల్లూ మాటాడకుండా తిన్నారు, పాపం" అంది.

ఏలూరు వచ్చేలోపు నా ముందు సీటాయన చేపల వాసనొస్తోందని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికొచ్చాక వీడియోలు కత్తిరించడానికి కూర్చున్నాను. అలవాటు ప్రకారం అమ్మ మాటలు తీసేస్తుంటే స్నేహ నా చెయ్యి పట్టుకుంది.

"ఉంచండి."

"పెళ్ళికొడుకు చెయ్యి కూడానా?"

"అది ముఖ్యంగా ఉంచండి."

బాణాలు మాత్రం ఈసారి తనే పెట్టుకుంది. నన్ను కంప్యూటర్ దగ్గరికి రానివ్వలేదు. పన్నెండుతో ఆపకుండా పదమూడో వీడియో కూడా చేర్చింది: చేదు పగలకుండా ఎలా తియ్యాలి. అది ఏ పుస్తకంలోనూ లేదట. అందులో చేతులూ మా అమ్మవే, నోరూ మా అమ్మదే. ఎనిమిది నిమిషాల పాఠంలో మా ఆవిడ మాట్లాడింది ఒక్కసారి, "మళ్ళీ చూపించండి అత్తయ్యా" అని.

పాఠం చెప్పినవాళ్ళ వివరాలకి ఒక ఫారం ఉంది. అమ్మ పేరు రాశాను. విద్యార్హత దగ్గర పెన్ను ఆగింది.

"నాలుగో తరగతని రాయి" అంది అమ్మ. తర్వాత ఆలోచించి, "పాసయ్యానని కూడా రాయి" అంది.

అనుభవం అన్న గడిలో నలభై ఐదు సంవత్సరాలు అని రాశాను.

ఇరవై రెండో తేదీన అచ్యుతరావుగారు ఫోను చేశారు. ఈసారి స్పీకర్ అమ్మే నొక్కమంది.

"పదమూడు పాఠాలూ తీసుకున్నామండీ. గ్రూపు ఉంటుందండీ. కొత్తిమీర మాట నేనెత్తలేదు, ఎవరూ అడగలేదు. ఆ పెద్దావిడ ఎవరండీ?"

"మా అత్తగారండీ."

"మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరండీ. అయినా పదమూడో పాఠం మా ఆవిడ రెండుసార్లు చూసింది. ఎప్పటికైనా పనికొస్తుందంటుందండీ. దేనికో నేను అడగలేదు."

జూలైలో ఆ గ్రూపులో ఇరవై ఒక్క మంది చేరారు. వాళ్ళలో పొరపాటున చేరిందెవరో ఇంకా తెలియలేదు. మా ఆవిణ్ణి ఆ కోర్సుకి ఇన్‌ఛార్జిని చేశారు. ఆర్డరు కాగితంలో పేరు పక్కన బ్రాకెట్లో గెస్ట్ అనే ఉంది. ఫరవాలేదు, పదిహేనో ఏడు. ఆఫీసులో మాత్రం నా క్యారియర్‌లోకి పప్పూ బెండకాయా తిరిగొచ్చేశాయి. హేమంత్‌కుమార్ ఒక వారం ఓపిక పట్టి, ఆ ఫైలు క్లోజయిందని నిర్ధారణకొచ్చి, టీకి పిలవడం మానేశాడు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పెరట్లో కత్తిపీట వాల్చి ఉంది. అమ్మ మాత్రం గోడ వారగా వేరే పీటేసుకుని చింతపండు పిసుకుతోంది. స్నేహ రెండు చెప్పులూ విప్పి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కత్తిపీట ముందు కూర్చుంది. అమ్మ తల తిప్పి చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో ఆవిడ మెడ చూస్తే తెలుస్తోంది. కిటికీలోంచి వెంకటలక్ష్మిగారు కూడా ఏమీ అడగలేదు.

పులుసయ్యాక మొదటి ముద్ద నాకు పెట్టారు. ఇద్దరూ చెరో పక్కన నిలబడి నా మొహం వంకే చూస్తున్నారు.

"ఎలా ఉందండీ?" అంది స్నేహ.

ఎక్కడో ఒక మూల కొంచెం చేదు తగిలింది. కొంచెమే. మా నాన్న గుర్తొచ్చాడు.

"ఇంకో ముక్క వెయ్యి" అన్నాను.